రన్‌వేకి ఏడు కోడ్‌లు, టాక్సీవేకి ఒక్క మాటేనా?

మంచు కురిసే చోట విమానాశ్రయాలు నడిపేవాళ్లకి, చలికాలం డ్యూటీలు వేసే ఆపరేషన్స్ మేనేజర్లకి, గ్రౌండ్ కంట్రోల్‌లో కూర్చునేవాళ్లకి, ఎయిర్‌లైన్స్ ఆఫీసుల్లో టైమ్‌టేబుల్ రాసేవాళ్లకి,

నమస్కారం. నేను పైలట్‌ని. పద్నాలుగు చలికాలాలుగా మంచులో దిగుతున్నా, మంచులోంచి లేస్తున్నా. పేరు రాయట్లేదు, ఏ ఎయిర్‌పోర్టో కూడా చెప్పట్లేదు. ఒకళ్లని బోనెక్కించాలని కాదు ఈ ఉత్తరం, ఇది ఏ ఒక్కచోటి గొడవో కూడా కాదు.

పోయిన చలికాలం ఒక రాత్రి. దిగేముందు వచ్చిన రిపోర్టులో రన్‌వే మూడు భాగాలకీ 5, 5, 5 అని ఉంది. అంటే తడిసిన రన్‌వే లాంటిదే, కంగారు పడాల్సిందేం లేదు. నిజంగానే చక్కగా దిగాం, బ్రేకులు బాగా పట్టాయి, రన్‌వే వదిలి టాక్సీవే, అంటే రన్‌వేకీ గేటుకీ మధ్య విమానం నడిచే దారి, ఎక్కాం. టాక్సీవే గురించి ఆ రిపోర్టులో ఒక్క ముక్క లేదు. వేగం 8 నాట్లు, అంటే గంటకి 15 కిలోమీటర్లు, సైకిల్ తొక్కేవాడు కూడా మమ్మల్ని దాటేసి వెళ్లిపోతాడు. కుడివైపుకి తొంభై డిగ్రీల మలుపు. టిల్లర్ తిప్పాను, అంటే కెప్టెన్ ఎడమచేతి దగ్గర ఉండే చిన్న స్టీరింగ్. ముందు చక్రాలు తిరిగాయి. విమానం తిరగలేదు.

కాళ్ల కింద గరగరమని ఒక వణుకు మొదలైంది. అడ్డంగా తిరిగిపోయిన చక్రాలు దొర్లకుండా ఐస్ మీద ఈడ్చుకుపోతుంటే వచ్చే చప్పుడది, ఒకసారి విన్నవాళ్లు మర్చిపోరు. ఎదురుగా టాక్సీవే అంచున నీలం లైట్లు చాలా నెమ్మదిగా దగ్గరికొస్తున్నాయి. అంత నెమ్మదిగా వస్తున్నాయి కాబట్టే ఇంకా భయం, ఎందుకంటే చేయగలిగింది చాలా తక్కువని ఆలోచించుకోవడానికి బోలెడు టైమ్ దొరుకుతుంది. టిల్లర్ కాస్త వెనక్కి వదిలాను, చక్రం మళ్లీ దొర్లితేనే పట్టు దొరుకుతుంది కాబట్టి. బ్రేకు మెల్లగా తొక్కి వదిలి, మళ్లీ తొక్కాను. ఆగింది. ముందు చక్రానికీ పేవ్‌మెంట్ అంచుకీ మధ్య రెండు మీటర్లు మిగిలిందని తర్వాత కింద నిలబడి చూసినతను చెప్పాడు. వెనక కూర్చున్న ప్రయాణికుల్లో సగం మంది అప్పటికే ఫోన్లు ఆన్ చేసుకుని ఇంటికి మెసేజ్‌లు పెట్టుకుంటున్నారు, వాళ్లకేం తెలియదు, తెలియకపోవడమే మంచిది.

కాలు జారితే తీసుకోవచ్చంటారు. ముందు చక్రం జారితే తీసుకోవడానికి మాకు యాభై నిమిషాలు పట్టింది. ఇసుక చల్లే బండి వచ్చింది, చుట్టూ చల్లాడు, తర్వాత టగ్ వచ్చి లాగింది. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఆ జారడం కాదు, ఆ ఇసుక బండి డ్రైవర్ మా గ్రౌండ్ ఇంజినీర్‌తో అన్న మాట. "ఈ మలుపు పొద్దుట్నుంచీ ఇంతే సార్, మీకంటే ముందు ఇంకో ఇద్దరు జారారు" అన్నాడట.

పొద్దుట్నుంచీ ఇంతే. ఆ డ్రైవర్‌కి తెలుసు. జారిన ఆ ఇద్దరు పైలట్లకి తెలుసు. బహుశా టవర్‌లో ఒకరికి తెలిసే ఉంటుంది. తెలియంది మాకే, దాని మీదికి అరవై టన్నుల బండిని తీసుకెళ్తున్నవాళ్లకి.

ఇప్పుడు రన్‌వే సంగతి చూడండి. 2005 డిసెంబర్ 8న షికాగో మిడ్‌వేలో మంచు పడుతుండగా దిగిన ఒక బోయింగ్ 737 విమానం రన్‌వే దాటిపోయి, కంచె విరగ్గొట్టుకుని రోడ్డు మీదికి వచ్చేసింది. చనిపోయింది విమానంలోవాళ్లు కాదు, రోడ్డు మీద కారులో వెళ్తున్న ఆరేళ్ల పిల్లాడు. ఆ తర్వాత అమెరికాలో ఏళ్ల తరబడి కూర్చుని, రన్‌వే మీద ఏముంది, ఎంత మందం, దాన్నిబట్టి బ్రేకులు ఎలా పడతాయి అన్నదాన్ని ఒక పట్టికగా చేసి, 2016 నుంచి వాడకంలో పెట్టారు. అదే దారిలో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, అదే ఐకావో, 2021 నవంబర్ 4 నుంచి ప్రపంచం మొత్తానికి ఒకే పద్ధతి తెచ్చింది. రన్‌వేని మూడు భాగాలు చేసి, ఒక్కో భాగానికి 6 నుంచి 0 దాకా ఒక కోడ్. 6 అంటే పొడిగా ఉంది, 0 అంటే బ్రేకులు పట్టవు, ముందు మూసి సరిచేయండి అని. ఎంత శాతం కప్పి ఉంది, ఎన్ని మిల్లీమీటర్లు, పొడిమంచా తడిమంచా, అన్నీ వరసగా వస్తాయి. నిజంగా గొప్ప పని. ఆ రిపోర్టు చేతిలో పెట్టుకుని లెక్కలు వేసుకుంటాం, దిగొచ్చో లేదో తేల్చుకుంటాం.

అదే రిపోర్టులో కింద టాక్సీవేకి, ఏప్రన్‌కి, అంటే విమానాలు నిలబెట్టే స్థలానికి, కూడా ఒక జాగా ఉంది. అక్కడ రాయడానికి ఒక్కటే మాట ఇచ్చారు. పూర్. ఫలానా టాక్సీవే పూర్, అంటే బాగాలేదు, అంతే. రన్‌వేకి ఏడు మెట్లున్న నిచ్చెన, టాక్సీవేకి ఒకే ఒక్క మెట్టు. అమెరికాలో టాక్సీవే మీద ఏ రకం మంచు, ఎంత మందం అని రాసే పద్ధతి ఉంది, అది కొంత నయం, అక్కడ కూడా కోడ్ మాత్రం ఇవ్వరు. సరే, ఉన్న ఆ ఒక్క మాటన్నా రాస్తారా అంటే చాలా రాత్రులు అదీ ఉండదు. అదేమీ లేకపోతే పైలట్ దాన్ని ఎలా చదువుతాడు? బాగుంది అనే చదువుతాడు. చూడలేదు అని చదవడు. ఈ రెండింటికీ తేడా తెలిసేలా రాయండి అన్నదే ఈ ఉత్తరంలో నా మొదటి మాట, మిగతావన్నీ మర్చిపోయినా ఇది ఒక్కటి గుర్తుంచుకోండి.

"పది నాట్ల వేగంలో పోయేదానికి ఇంత గొడవెందుకు" అని ఆఫీసుల్లో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు, నేను విన్నాను కూడా. వాళ్ల కోసం కాస్త వివరంగా చెప్తా.

మన తెలుగులో అన్నీ మంచే. తెల్లారి గడ్డి మీద ఉండేదీ మంచే, ఆకాశం నుంచి దూదిలా రాలేదీ మంచే, గ్లాసులో వేసుకునే ముక్కా మంచే. చక్రానికి మాత్రం ఇవన్నీ వేరువేరు. పొడిగా ఉన్న పలచటి మంచు మీద బండి ఫర్వాలేదనిపిస్తుంది. చక్రాల కింద నలిగి గట్టిపడిన మంచు, మైనస్ 15 కంటే చల్లగా ఉంటే రన్‌వే పట్టికలో దానికి 4 ఇస్తారు, అంతకంటే వేడెక్కితే 3. ఉత్త ఐస్ అయితే 1. ఆ ఐస్ మీద పలచటి నీటిపొర చేరిందా, ఇక 0. ఇందులో కొత్తవాళ్లకి తలకిందులుగా అనిపించే విషయం ఒకటుంది. ఎముకలు కొరికే చలిలో కంటే సున్నా దగ్గర తచ్చాడే ఉష్ణోగ్రతలోనే ఎక్కువ జారుతుంది. మధ్యాహ్నం కాస్త ఎండ తగిలి కరిగి, సాయంత్రం మళ్లీ గడ్డకట్టే రోజు ఉంటుంది చూడండి, అదీ మాకు అసలు టెన్షన్. బయట అడుగుపెట్టినవాళ్లకి "ఇవాళ చలి తగ్గిందిరా" అనిపించే రోజే అది.

ఇక విమానం సంగతి. దాని బరువంతా రెక్కల కిందుండే పెద్ద చక్రాల మీద ఉంటుంది. ముందు చక్రం మోసేది మొత్తంలో పదోవంతు, కాస్త అటూ ఇటూగా. తిప్పే పని మాత్రం పాపం దానిదే. పైగా తోక నిలువుగా పెద్ద తెరచాపలా ఉంటుంది, పక్కగాలి దాన్ని తోస్తే ముక్కు గాలివైపు తిరిగిపోతుంది, పొడి నేల మీద ముందు చక్రం దాన్ని ఆపుతుంది, ఐస్ మీద ఆపలేదు. ఇంజిన్లు ఐడిల్‌లో, అంటే అన్నిటికంటే తక్కువ వేగంలో తిరుగుతున్నా ముందుకి తోస్తూనే ఉంటాయి, బండి తేలికగా ఉంటే మరీను. కారులోలా యాక్సిలరేటర్ మీద కాలు తీసేస్తే నెమ్మదిస్తుందిలే అనుకోవడానికి లేదు. చక్రం లాక్ అవ్వకుండా చూసే యాంటీస్కిడ్ ఉందిగా అంటారు, అది చాలా విమానాల్లో తక్కువ వేగంలో పనిచేయదు, సరిగ్గా మేం టాక్సీ చేసే వేగంలో. అందుకని పొడి నేల మీద తిన్నగా 20, ఒక్కోసారి 30 నాట్ల దాకా పోయేవాళ్లం మంచులో 10 దాటం, మలుపులో ఇంకా తగ్గిస్తాం. నేను చెప్పిన ఆ రాత్రి 8 కూడా ఎక్కువే అయింది. ఆ మలుపుకి 3 నాట్లు సరిపోయేవేమో. ఆ మలుపు సంగతి ముందే తెలిసుంటే 3లోనే వెళ్లేవాణ్ని.

ఇంకో చిన్న విషయం, కాక్‌పిట్‌లో కూర్చోనివాళ్లకి తట్టదు. గాలికి మంచుపొడి నేల మీద అడ్డంగా పాకుతున్నప్పుడు, చూపుకి ఆధారం ఏదీ మిగలదు. విమానం ఆగిందా, కదులుతుందా? ఎదుట నేలంతా పాకుతూ ఉంటుంది, మనమే పక్కకి జరుగుతున్నామేమో అనిపిస్తుంది. పార్కింగ్ బ్రేక్ వేసి, ఆగాం అనుకుని చెక్‌లిస్ట్ చదువుకుంటుంటే బండి నిజంగానే పక్కకి జారుతూ ఉండొచ్చు. అందుకే ఇద్దరిలో ఒకరు స్క్రీన్ మీద గ్రౌండ్ స్పీడ్ అంకె మీదే కన్నేసి ఉంచుతాం, కిటికీలోంచి పక్కనున్న లైటునో బోర్డునో గుర్తుపెట్టుకుంటాం. ఆ లైటూ బోర్డూ మంచు కింద పూడిపోయి ఉంటే? అక్కడికే వస్తున్నా.

మంచు తీసేవాళ్లకి ఒక దండం పెట్టి మొదలుపెడతా. వాళ్లు అర్ధరాత్రి మూడింటికి, ఎదురుగా ఏమీ కనపడని తెల్లటి చీకట్లో, ఒకరి వెనక ఒకరు ఏటవాలు వరసలో పెద్ద బండ్లు నడుపుతూ రన్‌వేని ఊడ్చిపారేస్తుంటే చూడ్డానికే ముచ్చటేస్తుంది. ముందు రన్‌వే, తర్వాత దానికి దారితీసే టాక్సీవేలు, ఆ తర్వాత ఏప్రన్, ఈ వరస పుస్తకంలో ఉన్నదే, సరైనదే. తప్పల్లా ఎక్కడంటే, రన్‌వే శుభ్రం కాగానే "ఎయిర్‌పోర్ట్ ఓపెన్" అని ప్రకటించేస్తున్నారు. ఇల్లు అలకగానే పండగ కాదు. రన్‌వే దగ్గర్నుంచి గేటు దాకా ఒక పూర్తి దారి, మలుపులతో సహా, పట్టు ఉండేలా తయారైతేనే తెరిచినట్టు. పది టాక్సీవేలు సగం సగం ఊడ్చేకంటే ఒక్క దారి నిండా ఊడ్చి, మిగతావి మూసేసి, అందర్నీ ఆ ఒక్క దారిలోనే పంపండి. ఆలస్యమైతే అవనీ, వరసలో నిలబడతాం.

ఊడ్చిన మంచు ఎక్కడ పోస్తారన్నదీ ముఖ్యమే. 737 ఇంజిన్ కింది అంచుకీ నేలకీ మధ్య అర మీటరు కూడా ఉండదు. టాక్సీవే పక్కన నడుమెత్తు మంచు గుట్ట పెట్టి వెళ్లిపోతే, మలుపులో ఇంజిన్ దాని మీదుగా పోవాలా, దాంట్లోంచి పోవాలా? నాలుగు ఇంజిన్ల పెద్ద విమానమైతే చివరి ఇంజిన్లు టాక్సీవే అంచు దాటి బయటికి ఉంటాయి. గుట్టలు పెట్టిన సంగతి రిపోర్టులో రాసే వీలుంది, దయచేసి రాయండి. ఊడ్చేటప్పుడు బోర్డుల మీదికి ఎగజిమ్మిన మంచుని కూడా ఒకరు దిగి తుడవాలి. బోర్డు కనపడకపోతే మేం అడుగుతాం, అడగడానికి సిగ్గేం లేదు, కానీ కనపడుతుందనుకుని పొరపాటుగా చదివినవాడు అడగడు. 2001 అక్టోబర్ 8న మిలాన్ లినాటేలో మంచు కురవలేదు, దట్టమైన పొగమంచు ఉంది. ఒక చిన్న సెస్నా ఆర్5 టాక్సీవే ఎక్కాల్సింది ఆర్6 ఎక్కింది, గీతలూ బోర్డులూ సరిగ్గా లేవు, గ్రౌండ్ రాడార్ పనిచేయట్లేదు, అది నేరుగా టేకాఫ్ అవుతున్న విమానానికి ఎదురెళ్లింది. 118 మంది పోయారు. నేల మీద పసుపు గీత కనపడని ప్రతిసారీ నాకు లినాటేనే గుర్తొస్తుంది, కారణం పొగమంచైతేనేం, కురిసే మంచైతేనేం, గీత కనపడలేదు అన్నదే అసలు సంగతి. అలాంటప్పుడు ఫాలో-మీ కారు, అంటే ముందు నడిచి దారి చూపే కారు, అడిగితే "ఇరవై నిమిషాలు పడుతుంది" అనకండి. మంచు రాత్రి ఆ కారు పని గ్యారేజీలో కాదు కదా, దాన్ని బయటే ఉంచండి.

ఎక్కడెక్కడ జారుతుందో కొత్తగా ఎవరూ పరిశోధించాల్సిన పనిలేదు. అందరికీ తెలిసిన చోట్లే. రన్‌వే ముందు హోల్డింగ్ పాయింట్ ఉంది చూడండి, వరసగా విమానాలన్నీ అక్కడ ఆగి ఇంజిన్లు తిప్పుకుంటూ నిలబడతాయి, వాటి వెనక వేడిగాలికి మంచు కరుగుతుంది, అవి వెళ్లాక ఆ నీళ్లు అద్దంలా గడ్డకడతాయి. మిగతా టాక్సీవే అంతా గరుగ్గా ఉండి, సరిగ్గా ఆగాల్సిన ఆ గీత దగ్గరే నున్నగా ఉంటుంది. గీత దాటితే రన్‌వే మీదికి వెళ్లినట్టు, అవతల ఎవరో దిగుతూ ఉంటారు. డీఐసింగ్ ప్యాడ్, అంటే రెక్కల మీది మంచుని ద్రవంతో తీసే చోటు, ఇంకోటి. అక్కడ రెక్కల మీద కొట్టే ద్రవమంతా కారి నేల మీద చేరుతుంది, చిక్కగా ఉండే ఆకుపచ్చ రకం మరీ జారుడు. రోడ్డు మీదుగా వంతెన కట్టి టాక్సీవే వేసిన చోట్ల, కిందనుంచి కూడా చలిగాలి తగిలి అందరికంటే ముందు అదే గడ్డకడుతుంది. ఎర్ర రంగు తెల్ల రంగు వేసి పెద్ద పెద్ద అక్షరాలు రాసిన నేల ఉంటుంది కదా, మాకు సాయంగా ఉండాలని రాసింది, తడిమంచులో మా చక్రానికి సబ్బు రాసినట్టుంటుంది. హ్యాంగర్ నీడ పడే మలుపులు సరేసరి.

ఈ చోట్లకి ముందు ఇసుకో రసాయనమో వేయండి. రోడ్ల మీద వాడే ఉప్పు విమానాశ్రయాల్లో వాడరు, అల్యూమినియంని తినేస్తుంది. పొటాషియం ఎసిటేట్, పొటాషియం ఫార్మేట్ లాంటివి వాడతారు, వాటితో కూడా కార్బన్ బ్రేకులు త్వరగా పాడవుతాయని మా ఇంజినీర్లు గొణుగుతారు, అదీ నిజమే. ఇసుక అయితే పొడిగా చల్లితే మొదటి విమానం ఇంజిన్ గాలికే ఎగిరిపోతుంది. నార్వేలో ఇసుకని వేడినీళ్లతో తడిపి చల్లే పద్ధతి ఉంది, పడ్డచోటే అతుక్కుని గడ్డకడుతుంది, గరుకు కాగితంలా. అందరూ అదే చేయాలని కాదు, ఎవరి వాతావరణం వాళ్లది. కానీ "చల్లాం కదా" అని ఒకసారి చల్లి పుస్తకంలో టిక్కు పెట్టుకోవడం వేరు, పది విమానాలు వెళ్లాక అది ఇంకా అక్కడ ఉందా అని మళ్లీ వెళ్లి చూడటం వేరు.

ఇప్పుడు గ్రౌండ్ కంట్రోలర్లకి. మీ మీద నాకు కోపం లేదు, మీ ఫ్రీక్వెన్సీలో మంచురాత్రి ఎంత రద్దీ ఉంటుందో వింటూనే ఉంటాం. కానీ ఆ "ఎక్స్‌పెడైట్" అన్న మాట ఉంది చూడండి, త్వరగా కానివ్వండి అని. ఐస్ ఉన్న రోజు ఆ మాటని డ్రాయర్‌లో పెట్టి తాళం వేయండి. వెనకాలోడికి అడ్డమవుతున్నాం అనిపిస్తే మనిషన్నాక చేయి కాస్త ముందుకు పోతుంది. మలుపు మధ్యలోనో వాలు మీదో మమ్మల్ని ఆపకండి, ఆపితే మళ్లీ కదలడానికి ఇంజిన్ పెంచాలి, ఆ గాలికి వెనకవాడి మీద మంచుగడ్డలు పడతాయి, మా చక్రాలేమో కదలవు. దారి మార్చాలంటే మేం ఆగి ఉన్నప్పుడు చెప్పండి, తిరుగుతున్నప్పుడు కాదు.

ఒక్కోసారి మేం ఇంజిన్ రన్-అప్ కావాలని అడుగుతాం. సరదాకి కాదు. గడ్డకట్టే పొగమంచులో, జోరు మంచులో ఐడిల్‌లో ఎక్కువసేపు నిలబడితే ఇంజిన్ ఫ్యాన్ రెక్కలకి ఐస్ పడుతుంది, దాన్ని రాల్చడానికి నిర్ణీత సమయానికోసారి ఇంజిన్ని పెంచాలి, కొన్ని రకాలకి అరగంటకోసారి. జారే నేల మీద అలా పెంచితే బ్రేకులు వేసి ఉన్నా బండి ముందుకి జారుతుంది. అంచేత ముందు ఖాళీ, వెనక ఖాళీ, కింద ఇసుక ఉన్న చోటొకటి మాకు కావాలి. అలాంటి చోటు ఎక్కడుందో మీరు చెప్పగలిగితే మేం హాయిగా చేసుకుంటాం, లేకపోతే ఉన్నచోటే భయంభయంగా సగం సగం చేస్తాం.

అన్నిటికంటే మమ్మల్ని నలిపేసేది హోల్డోవర్ టైమ్. రెక్కల మీద ద్రవం కొట్టాక అది మంచుని ఎంతసేపు ఆపుతుందో ఒక లెక్క ఉంటుంది, చలిని బట్టి, మంచు జోరుని బట్టి, ద్రవం రకాన్ని బట్టి. గడియారం మొదలైందంటే ఆగదు. ప్యాడ్ గేటు దగ్గర ఉండి, రన్‌వే ఆ చివర ఉంటే, మధ్యలో ఐస్ మీద పది నాట్లలో పాకుతూ వెళ్లాలి. మెల్లగా వెళ్తే రెక్కల మీద టైమ్ అయిపోతుంది, గట్టిగా వెళ్తే మలుపులో జారతాం. ఈ రెంటి మధ్య పైలట్‌ని ఇరికించేది నిజానికి వాతావరణం కాదు, వరస. టేకాఫ్‌కి ఇరవై విమానాలు ముందున్నాయని తెలిసి కూడా మాకు ద్రవం కొట్టించి పంపితే ఆ గడియారాన్ని మీరే పరిగెత్తించినట్టు. రన్‌వే దగ్గర్లో ప్యాడ్ పెట్టుకున్నచోట ఈ బాధ చాలా తక్కువ. లేనిచోట కనీసం టేకాఫ్ టైమ్ ఇచ్చాకే ద్రవం కొట్టించండి. టైమ్ అయిపోయిందని మేం వెనక్కి తిరిగి వస్తామంటే "మళ్లీనా" అన్నట్టు నిట్టూర్చకండి, రేడియోలో నిట్టూర్పులు కూడా వినపడతాయి.

1982 జనవరి 13న వాషింగ్టన్‌లో ఎయిర్ ఫ్లోరిడా 90 విమానం కథ మీ అందరికీ తెలిసిందే, 14వ వీధి వంతెనని ఢీకొట్టి పోటోమాక్ నదిలో పడింది, మొత్తం 78 మంది పోయారు. దాన్ని రెక్కల మీద మంచు కథగానే చెప్తారు, ఇంజిన్‌కి ఐస్ పట్టకుండా చూసే యాంటీ-ఐస్ వేయలేదని చెప్తారు. నేను దాన్ని టాక్సీ కథగా కూడా చదువుతా. గేటు దగ్గర టగ్ ఐస్ మీద జారి విమానాన్ని వెనక్కి నెట్టలేకపోయింది, దాంతో ఇంజిన్ రివర్స్ వేసి వెనక్కి రావాలని చూశారు, మంచంతా లేచింది, కదల్లేదు, చక్రాలకి గొలుసులున్న ఇంకో టగ్ వచ్చి నెట్టింది. తర్వాత ముందున్న విమానం వేడిగాలికి తమ రెక్కల మీద మంచు కరుగుతుందని దానికి దగ్గరగా నిలబడ్డారు. ద్రవం కొట్టాక టేకాఫ్ దాకా 49 నిమిషాలు. ఇందులో ఒక్కో ముక్కా నేల మీద, గేటుకీ రన్‌వేకీ మధ్య జరిగిందే. ఆ గంటలో వాళ్లింకా గాల్లోకి లేవలేదు, కానీ ప్రమాదం అప్పటికే సగం పూర్తయింది.

నేల మీద పోయేది మా ప్రాణాలే కాదు. 1995 జనవరిలో మాంట్రియల్ మిరాబెల్‌లో ఒక 747కి డీఐసింగ్ జరుగుతుండగా, పని అయిపోయిందనుకుని పైలట్లు బండి కదిలించారు. తోక తగిలి రెండు బండ్లు పడిపోయాయి, బుట్టల్లో నిలబడి ద్రవం కొడుతున్నవాళ్లలో ముగ్గురు చనిపోయారు. ఎవరు ఎవరితో ఏ ఫ్రీక్వెన్సీలో మాట్లాడాలి, "అయిపోయింది" అని ఎవరు చెప్తే అయిపోయినట్టు, ఇంత చిన్న ప్రశ్న. ఇప్పటికీ కొన్నిచోట్ల ఆ జవాబు ఒక షిఫ్ట్‌లో ఒకలా, ఇంకో షిఫ్ట్‌లో ఇంకోలా ఉంటుంది. మీ దగ్గర ఎలా ఉందో ఈ రాత్రే ఒకసారి అడిగి చూడండి.

టైమ్‌టేబుల్ వాళ్లకి నాలుగు మాటలే. జూలైలోనూ జనవరిలోనూ టాక్సీకి ఒకే పన్నెండు నిమిషాలు రాస్తే అది లెక్క కాదు, ఆశ. ఇంధనం ఆదా అని ఒక ఇంజిన్‌తో టాక్సీ చేయమంటారు, మంచి అలవాటే, ఐస్ మీద మాత్రం అడగకండి, ఒకవైపే తోస్తే ముక్కు రెండోవైపుకి లాగుతుంది. మంచులో మేం ఫ్లాప్స్, అంటే రెక్కల వెనక అంచున కిందికి దిగే పలకలు, మూసుకునే టాక్సీ చేస్తాం, చక్రాలు ఎగజిమ్మే మంచు బురద వాటికి పట్టకూడదని. అంటే టేకాఫ్‌కి ఫ్లాప్స్ తెరవడం అనే, రోజూ గేటు దగ్గరే అయిపోయే ఒక ముఖ్యమైన పని ఆఖరి నిమిషానికి వాయిదా పడుతుంది, మర్చిపోయే అవకాశం పెరుగుతుంది. సరిగ్గా ఆ ఆఖరి నిమిషంలోనే "లేట్ ఎందుకు, కారణం కోడ్ పంపండి" అని మెసేజ్ పంపుతారు చూడండి, ఆ ఒక్కటీ మానేయండి బాబూ. పైకి లేచాక తీరిగ్గా పంపుతాం.

మా పైలట్ల తప్పులు లేవా అంటే ఉన్నాయి. జారినా ఆగిపోయిందిగా అని నోరు మూసుకుని గేటుకి వెళ్లిపోయేవాళ్లు మాలోనే ఎక్కువ. ఆ రాత్రి మాకంటే ముందు జారిన ఇద్దరూ ఒక్క మాట రేడియోలో అని ఉంటే నేను 3 నాట్లలో వెళ్లేవాణ్ని. పరువు పోతుందనుకుంటారు. నేనూ కొత్తలో అలాగే ఒకసారి చెప్పకుండా వెళ్లిపోయా, ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది. కానీ చెప్పినప్పుడు దాన్ని ఎవరు రాసుకుంటారు, అది తర్వాతి విమానం దాకా ఎలా వెళ్తుంది, దానికి మీ దగ్గర ఒక దారి ఉండాలి. టవర్‌లో షిఫ్ట్ మారితే పోయే మాట చెప్పీ లాభం లేదు.

కాబట్టి నేను అడిగేది పెద్దదేం కాదు, కొత్త యంత్రాలు కొనమనట్లేదు. రన్‌వే చూడ్డానికి వెళ్లిన ప్రతిసారీ, అదే బండి తిరిగొచ్చేటప్పుడు వాడకంలో ఉన్న టాక్సీ దారి మీదుగా రమ్మనండి. మలుపుల్లో ఒకసారి బ్రేకు గట్టిగా తొక్కి చూడమనండి. ఇసుక బండి డ్రైవర్ ఏం చూశాడో అడగండి. అది రిపోర్టులో మామూలు మాటల్లో రాసే చోటులో రాయండి, ఫలానా టాక్సీవే, ఫలానా మలుపు, ఐస్ ఉంది, ఎన్నింటికి చూశాం అని. చూడకపోతే చూడలేదని రాయండి. రేడియోలో ఎవరైనా జారామంటే, తర్వాతి విమానానికి మీ అంతట మీరే చెప్పండి.

మొదటి మంచు పడకముందే మా పైలట్లం కొందరం కూర్చుని, మేం తరచూ వెళ్లే విమానాశ్రయాల మ్యాపుల మీద జారే చోట్లకి ఎర్ర చుక్కలు పెడుతున్నాం. ఆ మలుపున్న విమానాశ్రయానిది ఇప్పటికే నా దగ్గరుంది, ఏడు చుక్కలు వచ్చాయి. మీ దగ్గర మంచు తీసేవాళ్లని కూడా ఒక కాగితం మీద పెట్టమనండి. రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం. ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తాం, సెలవు రోజైనా సరే.

ఇట్లు,
ఆ మలుపులో జారిన కెప్టెన్